ఎండ పక్క సీటు

హైదరాబాదు వెళ్ళేవాళ్ళు రైలు ఎన్నింటికని అడుగుతారు. నేను ఆ రైల్లో ఎండ ఏ పక్క పడుతుందని అడిగాను. బెజవాడ స్టేషన్లో విచారణ కిటికీ వెనక కూర్చున్నాయన ఆ ప్రశ్న తన సర్వీసులో విని ఉండడు. ఇంకా తెల్లవారకముందే నా చేతిలో ఉన్న గొడుగును ఒకసారి చూసి, "అది సూర్యుణ్ణి అడగాలమ్మా" అని, నా వెనకవాళ్ళకు సమాధానం చెప్పడం మొదలుపెట్టాడు. లెక్క నేనే వేసుకున్నాను. ఉదయం బండి కాజీపేట దాకా ఉత్తరంగా పోతుంది, కాబట్టి ఎండ కుడి పక్క. అక్కడ పడమటికి తిరుగుతుంది, అప్పటికి పదకొండు కావస్తుంటుంది, చలికాలపు సూర్యుడు దక్షిణాన ఉంటాడు, కాబట్టి ఎండ ఎడమ పక్కకు వస్తుంది. కాజీపేటలో సీటు మారాలి. నాలాంటి వాళ్ళెవరైనా ఆ దారిన వెళ్తే ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

నాలాంటి వాళ్ళంటే ఎండ పడనివాళ్ళు. మాట వరసకు కాదు, నిజంగానే పడదు. మేం మంగళగిరిలో నేతపని వాళ్ళం. రెండేళ్ళ కిందట నా ముఖం మీద, చేతుల మీద ఎర్రటి దద్దుర్లు లేచాయి. గుంటూరు డాక్టరుగారు రకరకాల పరీక్షలు చేయించి, ఇది ఎండతో పెరిగే జబ్బు, మందులు వాడుతూ నీడలో ఉండాలని చెప్పారు. పది నిమిషాల ఎండ తగిలితే చాలు, వారం రోజులు మంట. అప్పటి నుంచీ గడపలోపలే నా ప్రపంచం.

ఇందులో బాధ ఏమిటో చెప్పాలంటే పడుగు సంగతి చెప్పాలి. మగ్గం ఎక్కించే ముందు నిలువు దారాలను, అంటే పడుగును, తెల్లవారుజామున వీధి పొడుగునా చాపి కట్టి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వి, పొద్దెక్కేలోగా ఎండలో ఆరబెడతాం. ఒక కొస మా ఆయనది, రెండో కొస నాది. చెరో కొస నుంచి దువ్వుకుంటూ వచ్చి మధ్యలో కలుసుకునేవాళ్ళం. ఉమ్మడి ఇంట్లో మొగుడూ పెళ్ళాం మాట్లాడుకునే చోటు ఇంకెక్కడుంటుంది? పిల్లాడి ఫీజు, నూలు ధర, మా చెల్లెలి కాన్పు, మేం అనుకున్న మాటలన్నీ ఆ పడుగు మధ్యలో అనుకున్నవే. ఈ రెండేళ్ళుగా నా కొస మా అత్తయ్య శేషమ్మగారు పట్టుకుంటున్నారు. నేను తలుపు సందులోంచి చూస్తుంటాను. తల్లీ కొడుకూ మధ్యలో కలుసుకుని ఏదో మాట్లాడుకుని నవ్వుకుంటారు. ఏం మాట్లాడుకున్నారని నేను అడగను, వాళ్ళు చెప్పరు.

అది రెండువేల ఆరో సంవత్సరం. మా మరిది వరస అబ్బాయి ఒకడు నాంపల్లి నుమాయిష్‌లో మా చీరలు అమ్మడానికి వెళ్ళి ఒక ఉత్తరం పట్టుకొచ్చాడు. దుకాణానికి వచ్చిన పెద్దాయన ఒకరు బట్టను వేళ్ళ మధ్య నలిపి చూసి, ఇంత గట్టి నేత ఎవరిదని అడిగారట. మాటల్లో నా సంగతి వచ్చిందట. ఆయన పేరు దేవదానం, మెదక్ మనిషి, బట్టల రసాయనాలు పాఠం చెప్పి రిటైరయ్యారు. జింకు పొడిని కంటికి కనపడనంత సన్నగా చేసి నూలు బట్టకు పట్టిస్తే, ఎండలో చర్మాన్ని కాల్చే కిరణాలు ఆగిపోతాయని, తాను ఒక గదిలో ఆ పని చేస్తున్నానని, ఒక్కసారి వచ్చి చూడమని రాశారు. మందు సీసా ఒక్కటే ఉందని, ఇంకొకటి ఎప్పుడొస్తుందో తెలియదని కూడా రాశారు. చివరి వాక్యం కింద గీత గీశారు. బట్టకు గంజి అసలు ఉండకూడదు, బాగా ఉడికించి ఉతికి తేవాలి.

ఉత్తరం రెండుసార్లు పైకి చదివి వినిపించాను. మా ఆయన నేసిన నాలుగు గజాల తెల్ల తాను నేనే సోడా వేసి ఉడికించాను, నేనే జాడించాను. నీడలో ఉండాల్సినదాన్ని కదా, పెరట్లో ఆరేసి తీసి మడతపెట్టే పని మాత్రం అత్తయ్య చేశారు. మగ్గం మీద అప్పగించాల్సిన చీర ఉండటంతో మా ఆయన కదల్లేకపోయాడు. ఆయన బదులు అత్తయ్య బయల్దేరారు, మోకాళ్ళకు కొబ్బరినూనె రాసుకుని మరీ.

శనివారం ఉదయం ఆరున్నరకు బండి కదిలింది. ఇడ్లీలు ప్లాట్‌ఫారం మీదే తిన్నాం, పెరుగన్నం డబ్బా సంచిలో ఉంది. నేను ఎడమ పక్క లోపలి సీట్లో ముసుగేసుకుని కూర్చున్నాను. కృష్ణ వెనకపడ్డాక మొక్కజొన్న చేలు, మిరప కళ్ళాలు, గట్ల మీద తాటిచెట్లు వచ్చాయి. ఎండ లోకమంతా పరుచుకుని ఉంది, నేను దాన్ని ఎదురు కిటికీలోంచి చూస్తున్నాను. రెండేళ్ళలో ఇంత ఎండను ఒకేసారి చూడలేదు. కళ్ళు మూసినా రెప్పల మీద పసుపుగా కదులుతూనే ఉంది. నిద్రో మెలకువో తెలియని ఆ స్థితిలో మా వీధి కనపడింది. పడుగు మంగళగిరి నుంచి రైలు పక్కనే చాపి ఉంది, ఎక్కడా తెగకుండా, స్తంభాల మీదుగా.

కాజీపేటలో లేచి కుడి పక్కకు మారదామంటే అక్కడ ఒకావిడ పూలబుట్టతో కూర్చుంది. జనగామ దాకా పోతుందట. గొడుగు, ముసుగు, నా తడబాటు చూసి, "ఏమైంది చెల్లే, గాడ సీటు ఖాళీగనే ఉన్నది గద?" అంది. ఎండ పడదని చెప్పాను. ఆమె ఇంకేమీ అడగకుండా లేచి, తాను ఎండ పక్కకు పోయి కూర్చుని, బుట్టమీది తడిగుడ్డను పూలకు ఇంకాస్త దగ్గరగా సర్దింది. పూలకూ నాకూ ఒకటే ఇబ్బంది అని నవ్వాను. జనగామలో దిగేటప్పుడు రెండు మూరల కనకాంబరాలు అత్తయ్య ఒడిలో పడేసి పోయింది.

ఒంటిగంట దాటాక సికింద్రాబాదులో దిగి, లోకల్ రైలు పట్టుకున్నాం. బేగంపేట, ఖైరతాబాద్, లక్డీకాపూల్, ఆఖరున నాంపల్లి. టికెట్టు నాలుగైదు రూపాయల్లో ఉంటుంది, కూర్చునే చోటు ఉంటుంది, ఆటో వాళ్ళతో గొడవ ఉండదు. నాంపల్లి స్టేషన్ బయట మధ్యాహ్నం రెండున్నర ఎండకు నేను గొడుగును భుజాలకు ఆనించి, కాళ్ళను మాత్రమే చూసుకుంటూ నడిచాను. అందువల్ల నాంపల్లి గురించి నాకు మొదట తెలిసింది దాని నేల. చెరుకు పిప్పి, చాయ్ గ్లాసులు కడిగిన నీళ్ళు, రెండు పిల్లులు, ఒక గుర్రపు నాడా.

లాడ్జి స్టేషన్‌కు దగ్గరే. మేనేజరు మంచి గాలి, వెలుతురు ఉన్న గది ఇస్తానన్నాడు. కిటికీ లేనిది కావాలన్నాను. ఆయన రిజిస్టరు మీంచి తలెత్తి, "కిటికీ లేని రూమా? అందరు కిటికీ కోసం లడాయి చేస్తరమ్మా" అన్నాడు. మెట్ల కింద సామాను గది పక్కన ఒకటుందని, కిరాయి కూడా తక్కువని, ఎవరూ తీసుకోరని అనుమానంగా చెప్పాడు. లోపలికి వెళ్ళి తలుపేసుకుంటే చల్లటి చీకటి. రెండేళ్ళ నా ఇల్లు నాతోపాటే వచ్చినట్టు అనిపించింది, కొంచెం ఏడుపు కూడా వచ్చింది.

నాలుగున్నరకు బయల్దేరాం. ఆ వేళకు అబిడ్స్ వైపు పోయే వీధుల్లో పడమటి పక్క దుకాణాల నీడ రోడ్డు సగం దాకా వస్తుంది. ఆ పక్కనే నడవండి, కూడలి దాటేటప్పుడు మాత్రం గొడుగు తీయండి. మధ్యలో ఇరానీ చాయ్ తాగాం. అత్తయ్య ఒక గుక్క తాగి, ఇది టీనా పాయసమా అని అడిగి, మొత్తం తాగేశారు. చెప్పుల దుకాణాలు, గడియారాల దుకాణాలు, బట్టల దుకాణాల అద్దాల వెనక చేతుల్లేని బొమ్మలకు కట్టిన చీరలు. అత్తయ్య ప్రతి చీర దగ్గరా ఆగి అంచు చూసి, మిల్లుది అని తీర్పు చెప్పి కదిలేవారు.

దేవదానం సారు గది అబిడ్స్‌కూ నాంపల్లికీ మధ్య సందులో, మూడో అంతస్తులో. ఆయన సన్నగా, పొడుగ్గా ఉన్నారు. తలుపు తీసి మొదట మమ్మల్ని కాదు, తన కిటికీని చూశారు. దానికి లోపలి నుంచి పాత పేపర్లు రెండు వరసలుగా అంటించి ఉన్నాయి. నేను వస్తానని పొద్దున్నే ఆ పని చేసుకున్నారట. ముక్కూ మొహం తెలియని మనిషి నా కోసం కిటికీ మూసిపెట్టడం చూసి ముసుగు తీసేశాను.

బట్ట తాను విప్పి ఆయన చేతిలో పెట్టాను. బొటనవేలితో నలిపారు, చెంపకు ఆనించుకున్నారు, వెలుతురుకు పట్టి చూశారు.

"గంజి లేదు గద అమ్మా?"

"లేదు సార్. నేనే ఉడికించాను."

"ఔ, చేతికి తెలుస్తున్నది. నలభై ఏండ్ల చెయ్యి నాది" అన్నారు. అత్తయ్య గోడ మీది క్యాలెండరు చూస్తున్నారు. ఇంకో పరీక్ష చేసే సీసా బల్ల మీదే ఉంది, కానీ ఆయన దాని మూత తీయలేదు.

తర్వాత ఆయన చూపించిందంతా నాకు కలలాగే గుర్తుంది. పాలలాంటి ద్రవం ఒక తొట్టిలో పోశారు. అందులో జింకు రేణువులున్నాయని, ఒక్కొక్కటి వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా ఉండదని, దాన్నే ఇప్పుడు నానో అంటున్నారని చెప్పారు. అవి నూలుపోగును పట్టుకుని ఉండటానికి కొంచెం జిగురు కలిపారు. మా తాను ఆ పాలలో మునిగి, రెండు రబ్బరు రోలర్ల మధ్య నుంచి పిండుకుంటూ బయటికి వచ్చింది, చెరుకు రసం బండిలోంచి గడ వచ్చినట్టు. అటు కొస సారు పట్టుకున్నారు, ఇటు కొస నన్ను పట్టుకోమన్నారు. రెండేళ్ళ తర్వాత చాపిన బట్ట కొస నా చేతిలోకి వచ్చింది. అది తడిగా, బరువుగా, చల్లగా ఉంది. నేను తెలియకుండానే బిగువుగా లాగి పట్టాను. సారు ఆగి నన్ను చూసి, "నీ చెయ్యి మస్తు కుదురుగున్నది" అన్నారు. ఆరబెట్టి, వేడి పెట్టెలో కాసేపు ఉంచి తీశాక చూస్తే బట్టలో ఏ మార్పూ లేదు. అదే తెలుపు, అదే మెత్తదనం. ఎండను ఆపేది ఏదో అందులో ఉందంటే నమ్మడమే తప్ప చూసేదేమీ లేదు.

ఒక బెత్తెడు పేలిక కత్తిరించి ఇచ్చి, లాడ్జిలో సబ్బుతో ఉతికి తెమ్మన్నారు. ఆదివారం తాను చర్చికి వెళ్ళి వచ్చాక, పన్నెండింటికి చూద్దామన్నారు. ఆదివారం ఆయన మిషను ముట్టరట, చూడటం మాత్రం పని కిందికి రాదట.

ఆ పేలికను పొద్దున అత్తయ్య ఉతికారు. నేను తల దువ్వుకుంటూ చూశాను. ఉతకడం అయిపోయాక కూడా ఆమె బకెట్ ముందు నుంచి లేవలేదు. నీళ్ళలోకి చూస్తూ కూర్చున్నారు. చాయ్ తాగుదామంటే వద్దన్నారు. మోకాళ్ళ నొప్పనుకున్నాను.

పన్నెండుకు వెళ్ళేసరికి సారు ఇస్త్రీ చొక్కాతో, చంకలో బైబిలుతో అప్పుడే మెట్లెక్కుతున్నారు. బల్ల మీద దొంగనోట్లు పట్టే దీపం పెట్టారు, అబిడ్స్ దుకాణాల్లో గల్లాపెట్టె పక్కన ఉంటుందే, ఊదారంగు వెలుగుది. దాని కింద వందనోటు పెడితే అంకెలు, దారం, లోపలి పోగులు నిప్పురవ్వల్లా మెరిశాయి. చర్మాన్ని కాల్చే వెలుగుకు ఇది చుట్టమేనని, బట్ట దీన్ని ఆపితే నోటు మెరవదని చెప్పారు. నిన్నటి తాను అడ్డం పెట్టారు. నోటు నల్లగా అయిపోయింది. తర్వాత ఉతికిన పేలిక పెట్టారు. నోటు మీద అంకెలు మళ్ళీ మెరిశాయి, అన్నీ, వరసగా.

సారు ఇంకోసారి పెట్టారు, తిప్పి పెట్టారు. మెరుస్తూనే ఉన్నాయి. అప్పుడు ఆయన బల్ల మీది సీసా మూత తీసి, అయోడిన్ చుక్క ఒకటి తాను అంచు మీద వేశారు. గోధుమరంగు చుక్క చూస్తుండగానే నల్లటి నీలం అయింది. గంజి ఉంటేనే అలా మారుతుందని నాకు చిన్నప్పటి బడి నుంచి తెలుసు. జిగురు నూలును కాక గంజిని పట్టుకుంది, నీళ్ళలో గంజి కరిగిపోతే దానితోపాటే జింకూ పోయింది. సారు మమ్మల్ని ఏమీ అనలేదు. నిన్ననే ఈ చుక్క వేయాల్సిందని, చేతిని నమ్ముకున్నానని తనలో తాను అనుకున్నారు. చేతికి దొరకనంత పల్చగా గంజి పెట్టగలిగేది మా వీధిలో ఒక్కరే. నేను ఆమె వైపు తిరిగాను.

"నేనే పెట్టా" అన్నారు అత్తయ్య. "రవ్వంత."

నేనేమీ అనలేదు. మా ఇంట్లో ఏమీ అనకపోవడమే పెద్ద తిట్టు. మెట్లు దిగి బయటికి వచ్చేశాను.

ఆదివారం అబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటాయి, వాటి ముందు పేవ్‌మెంటంతా పాత పుస్తకాలు పరుచుకుని ఉంటాయి. మనుషులు గుడిలో నడిచినట్టు మెల్లగా నడుస్తూ, వంగి, ఒకటి తీసి, రెండు పేజీలు చదివి, పెడుతున్నారు. ఎవరికీ తొందర లేదు. గాలికి పేజీలు వాటంతట అవే తిరుగుతున్నాయి. నేను ఆ పుస్తకాల మధ్య నుంచి ఎటు పోతున్నానో తెలియకుండా పోతున్నాను. కాసేపటికి వెనక నుంచి నీడ వచ్చి నా తల మీద పడింది. గొడుగు సారు గదిలోనే మరిచిపోయానని అప్పుడు తెలిసింది. అత్తయ్య మూడంతస్తులు దిగి, ఆ మోకాళ్ళతో పరిగెత్తుకుంటూ వచ్చి గొడుగు పట్టారు. గొడుగు మొత్తం నా మీదే ఉంది, ఆమె ఎండలో ఉన్నారు. నేను వేగంగా నడిచాను. ఆమె వేగంగా నడిచారు. ఒక మూసిన దుకాణం మెట్టు మీద నీడ కనిపిస్తే కూలబడ్డాను.

రెండేళ్ళుగా లోపల దాచుకున్న మాట అక్కడ బయటికి వచ్చింది. "నా కొస నాకు తిరిగి ఇవ్వడం మీకు ఇష్టం లేదు" అన్నాను. "పొద్దున్నే కొడుకుతో మాట్లాడుకోవడం అలవాటైపోయింది మీకు."

అత్తయ్య గొడుగు మూసి నా పక్కన కూర్చున్నారు. ఎదురుగా ఒకాయన మోకాళ్ళ మీద కూర్చుని పుస్తకాల దుమ్ము దులుపుతున్నాడు.

"మధ్యలో కలిసినప్పుడు వాడు అడిగేది ఒకటే" అన్నారు. "నాగమణి రాత్రి పడుకుందా, మంట తగ్గిందా అని. ఏడుస్తాడేమోనని ఏదో ఒకటి చెప్పి నవ్విస్తా. నిన్నడిగితే బాధపడతావని నన్నడుగుతాడు." గొడుగు మడతలు సర్దుతూ, "గంజి సంగతంటావా, గంజి లేని మన బట్ట పరాయి వాళ్ళ చేతికి ఎప్పుడిచ్చాం? పీలగా వేలాడుతుంటే మన ఇంటి పని అని ఎట్లా చెప్పుకోవడం? ఆరేసేటప్పుడు చెయ్యి దానంతటదే గిన్నెలోకి పోయింది. సారు అడిగినప్పుడు చెబుదామనే అనుకున్నా. తెలిసిందంటే పరువు పోతుందని నోరు రాలా" అన్నారు.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. కానీ కోపం అంత త్వరగా పోలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి. సాయంత్రమంతా కిటికీ లేని గదిలో ఇద్దరం చెరో మంచం మీద గోడల వైపు తిరిగి పడుకున్నాం. స్టేషన్ నుంచి రైళ్ళ పేర్లు చెబుతున్న గొంతు గోడలోంచి వినపడుతూ ఉంది. ఆ గొంతు ఎన్ని ఊళ్ళ పేర్లు చెప్పిందో, అన్నిచోట్లా ఎండలో చాపిన పడుగులే కనపడ్డాయి నాకు.

సోమవారం పొద్దున ఏడింటికి గొడుగును ఎండకు అడ్డం పట్టుకుని నడిచి సారు దగ్గరికి వెళ్ళాం, చెప్పి వెళ్ళిపోదామని. ఆయన తొట్టిలో మిగిలిన పాలను సీసాలోకి ఎత్తి పెట్టారు. ఒకటిన్నర గజానికి సరిపోతుందని, గంజి తగలని నూలు ముక్క ఏదైనా ఉందా అని అడిగారు. తానును కడిగితే పనికిరాదా అంటే, దాని మీద జిగురు ఉడికి గట్టిపడిందని, ఇక కుదరదని చెప్పారు. మార్కెట్లో కొన్నదానికి ఏమేం పూసి ఉంటారో చెప్పలేమన్నారు. మధ్యాహ్నం ఒంటిగంటకు మా బండి.

అత్తయ్య సంచి విప్పి అడుగు నుంచి ఒక పాత చీర తీశారు. ఆమె పడుకునేటప్పుడు కట్టుకునే చీర. తెలుపో బూడిదో చెప్పలేని రంగు, చేత్తో పట్టుకుంటే పట్టుకున్నట్టే ఉండదు.

"దీనికి గంజి తగల్లేదు సారూ. ఈ పదేళ్ళలో ఒక్కసారి కూడా."

ఇంటిల్లిపాది బట్టలకూ గంజి పెట్టే మనిషి తన చీర ఒక్కదానికి పెట్టకపోవడం నేనెప్పుడూ గమనించలేదు. ఎందుకని అడిగాను. మావయ్య నేసిన ఆఖరి చీర అదని చెప్పారు. ఆయన పోయాక అది మెత్తగా ఒంటికి అంటుకుని ఉంటేనే నిద్ర పడుతుందన్నారు. ఆ మాట సారు వినకూడదన్నట్టు నా వైపుకు వంగి చెప్పారు. నేను వద్దన్నాను. ఆమె నా మాట వినిపించుకోకుండా అంచును పంటితో కొరికి, రెండు చేతులా పట్టుకుని చింపారు. పాత నూలు చిరిగే చప్పుడు ఆ గదిలో చాలాసేపు వినపడింది.

సారు ఈసారి చేతిని అడగలేదు. అయోడిన్ చుక్క వేశారు. అది గోధుమరంగులోనే ఉండిపోయింది. ముగ్గురం దాన్నే చూస్తూ నిలబడ్డాం. ముంచడం, పిండటం, ఆరబెట్టడం, వేడి పెట్టెలో ఉంచడం, అన్నీ మళ్ళీ జరిగాయి. ఇటు కొస అత్తయ్య పట్టుకోబోయి, ఆగి, నాకు ఇచ్చారు. తొమ్మిదింటికి అక్కడే బకెట్లో సబ్బు పెట్టి ఉతికి, ఆరాక దీపం కింద పెట్టాం. నోటు నల్లగా ఉంది. సారు రెండోసారి ఉతికించారు. అప్పుడూ నల్లగానే ఉంది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"నేత మస్తు గట్టిగున్నది. సందులు లేవు. సగం పని నేసినాయననే చేసిండు, పెద్దమ్మా" అన్నారు.

అత్తయ్య తల ఊపి, మొహం పక్కకు తిప్పుకున్నారు. ఆ తర్వాత సారు జాగ్రత్తలన్నీ చెప్పారు. కప్పుకున్నంత మేరే కాపాడుతుంది, మొహానికీ అరచేతులకూ గొడుగు ఉండాల్సిందే. పొద్దుటి లేత ఎండలో మొదలుపెట్టాలి, మధ్యాహ్నం వద్దే వద్దు. డాక్టరును అడగకుండా మందులు మానొద్దు. ఉడికించొద్దు. ఎన్ని ఉతుకులకు నిలుస్తుందో తనకే తెలియదని, ప్రతి ఉతుకు తర్వాత పొరుగూరి దుకాణంలోనైనా సరే అలాంటి దీపం కింద చూసుకుని ఉత్తరం రాయమని అడిగారు. పాడైన నాలుగు గజాలను మాత్రం తన దగ్గర ఉంచుకుంటానన్నారు. నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు చూపించాలట, చేతిని ఎంత నమ్మాలో. అత్తయ్య తిరస్కరించబోయి, తన గంజిని ఒక చదువుకున్నాయన అంత గౌరవంగా దాచుకోవడం చూసి ఊరుకున్నారు.

తిరుగు ప్రయాణం లెక్క తేలిక. సికింద్రాబాదు నుంచి కాజీపేట దాకా తూర్పుకు, అక్కడి నుంచి దక్షిణానికి. ఎండ మొదటి నుంచి చివరిదాకా కుడి పక్కే. ఎడమ పక్క కూర్చుంటే మారాల్సిన పని లేదు. అత్తయ్య ఎడమ పక్క చోటు పట్టి నన్ను పిలిచారు. నేను వరంగల్ దాటి, నాలుగున్నరకు పొద్దు వాలేదాకా అక్కడే కూర్చున్నాను. తర్వాత లేచి, కుడి కిటికీ దగ్గర ఖాళీ చూసుకుని కూర్చున్నాను. మావయ్య బట్టను తల మీంచి భుజాల మీదుగా కప్పుకుని, మోచెయ్యి దాని కింద పెట్టి, మొహాన్ని నీడలోకి తిప్పుకుని, ఎండను చేతి మీదికి రానిచ్చాను.

వెచ్చగా ఉంది. అంతే, వెచ్చగా. రెండేళ్ళ కిందటి వీధి ఎంత వెచ్చగా ఉండేదో అంత. చెట్లు వచ్చినప్పుడు చెయ్యి మీద నీడ, చేలు వచ్చినప్పుడు ఎండ, మళ్ళీ నీడ. బండి ఊపులో అవి ఒకదాని వెనక ఒకటి కుంచె దువ్వినట్టు పోతున్నాయి. కునుకు పట్టిందేమో తెలియదు, కళ్ళు తెరిచేసరికి డోర్నకల్ పోయింది, అత్తయ్య ఎదురు సీట్లోకి వచ్చి కూర్చుని నా చేతినే చూస్తున్నారు. ఎంతసేపటి నుంచి చూస్తున్నారో.

ఖమ్మంలో బండి ఆగాక బట్ట తొలగించి చూసుకున్నాం. చర్మం మామూలుగా ఉంది. అరచెయ్యి పక్కన బట్ట జారిన చోట చిన్న ఎర్ర మచ్చ ఉంది, అది నా నిర్లక్ష్యం. మిగతా అంతా మామూలుగా ఉంది. అత్తయ్య తన చీర ముక్కను వేళ్ళతో నలిపి చూసి, మడత సర్ది, మళ్ళీ నా భుజం మీద కప్పారు. ఆ వేళ్ళకు ఏమనిపించిందో నాకు తెలుసు. ఇంత పీలగా ఉన్నదాన్ని కప్పుకుని వీధిలో ఎట్లా నిలబడుతుందా అని. కానీ ఆ మాట అనలేదు.

ఇందులో నాకు అర్థమైంది పెద్దగా ఏమీ లేదు. హైదరాబాదులో నేను కోటను చూడలేదు, చార్మినార్‌ను చూడలేదు, ట్యాంక్‌బండ్‌ను చూడలేదు. ఒక చీకటి గది, పేపర్లు అంటించిన ఒక కిటికీ, పుస్తకాలు పరుచుకున్న ఒక పేవ్‌మెంటు చూశాను. మళ్ళీ వెళ్ళమంటే వాటి కోసమే వెళ్తాను.

మధిర దగ్గర పొద్దు కుంకుతుండగా అత్తయ్య పెరుగన్నం డబ్బా మూత తీస్తూ, చూపు డబ్బా మీదే ఉంచి అన్నారు.

"ఎల్లుండి పడుగు ఉంది. నీ కొస నువ్వే పట్టుకో."